మొక్కలకు పేరు పెట్టిన వైద్యుడు – విలియం రాక్స్‌బర్గ్

గోదావరి నది పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలకు సరిహద్దుగా ప్రవహిస్తుంది. బాసర, ధర్మపురి, మంథని క్షేత్రాలను తాకుతూ సాగి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను తనలో కలుపుకొంటుంది. ఈ నదికి ఇరువైపులా ఉన్న అడవులలో ఇప్ప, తునికి, జిట్టెగి, మోదుగ చెట్లు విరివిగా పెరుగుతాయి. ఇప్పపువ్వు గోండుల జీవితంలో పవిత్రమైనది. తునికాకు సేకరణ వేసవికాలంలో ఎన్నో గిరిజన కుటుంబాలకు జీవనాధారం. ఆ ఆకుతో బీడీలు చుట్టి బతికే కుటుంబాలు కరీంనగర్ ప్రాంతంలో నేటికీ ఉన్నాయి. తునికికి డయోస్పైరాస్ మెలనోజైలాన్ అనీ, ఇప్పకు బాసియా లాటిఫోలియా అనీ, జిట్టెగికి డాల్బెర్జియా లాటిఫోలియా అనీ శాస్త్రనామాలు పెట్టినవాడు ఒక్కడే. మోదుగ ప్రజాతికి బ్యూటియా అన్న పేరు కూడా ఆయన రచనల ద్వారానే లోకానికి తెలిసింది. ఆయన స్కాట్లాండు దేశానికి చెందిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని పేరొందిన ఆ మహనీయుని కృషికి పునాది పడినది ఇదే గోదావరి సముద్రాన్ని చేరే చోట, కాకినాడ సమీపంలోని సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యను అభ్యసించాడు. ఆనాడు మందులలో అధికభాగం మొక్కల నుండే తయారయ్యేవి. అందువల్ల వైద్య విద్యార్థులు వృక్షశాస్త్రాన్ని కూడా చదవవలసి ఉండేది. అక్కడ ఆ శాస్త్రాన్ని బోధించిన ఆచార్యుడు జాన్ హోప్. ఆయన ఎడిన్‌బరో వృక్షోద్యానాన్ని తీర్చిదిద్దినవాడు. పెద్ద పెద్ద చిత్రపటాల సాయంతో పాఠం చెప్పే అలవాటు గలవాడు. మొక్కను కంటితో చూడాలి, చేతితో గీయించాలి, మాటతో వర్ణించాలి అన్న పద్ధతి రాక్స్‌బర్గ్‌కు ఈ గురువు వద్దనే అలవడింది. ఆ పద్ధతినే ఆయన జీవితాంతం పాటించాడు.

చదువు ముగిసిన తరువాత ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్యసహాయకునిగా పనిచేసి, 1776లో మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగిగా చేరాడు. దక్షిణ భారతదేశంలో అడుగుపెట్టిన నాటి నుండే వాతావరణాన్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. ప్రతిదినం పలుమార్లు వాయుపీడనాన్ని, ఉష్ణోగ్రతను, వర్షపాతాన్ని కొలిచి వ్రాసి ఉంచేవాడు. ఈ కాలంలోనే ఆయనకు యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్‌తో స్నేహం కుదిరింది. కోనిగ్ స్వీడన్ దేశపు మహాశాస్త్రవేత్త లినేయస్‌కు శిష్యుడు. జీవులకు రెండు పదాలతో పేరు పెట్టే లినేయస్ విధానాన్ని దక్షిణ భారతదేశపు మొక్కలకు వర్తింపజేసిన తొలి తరం వారిలో ఆయన ముఖ్యుడు. వయస్సులో పెద్దవాడైన కోనిగ్ రాక్స్‌బర్గ్‌కు మిత్రుడే కాక మార్గదర్శకుడు కూడా అయ్యాడు. 1785లో కోనిగ్ కాకినాడ సమీపంలో జబ్బుపడి మరణించాడు. చివరి రోజులలో ఆయనకు వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే.

1781లో రాక్స్‌బర్గ్ సామర్లకోట సైనిక స్థావరానికి వైద్యునిగా వచ్చాడు. అప్పటి నుండి సుమారు పన్నెండేళ్లు ఆ ఊరే ఆయన కార్యక్షేత్రం. ఒకవైపు గోదావరి డెల్టా, మరొకవైపు తూర్పు కనుమల అడవులు, ఇంకొకవైపు బంగాళాఖాతం ఉన్న ఆ ప్రదేశం వృక్షశాస్త్రవేత్తకు పెన్నిధి వంటిది. ఆయన అక్కడ ఒక ప్రయోగోద్యానాన్ని నెలకొల్పాడు. మిరియాలు, కాఫీ, దాల్చిన, మల్బరీ, కొబ్బరి వంటి మొక్కలను పెంచి, ఏది ఆ నేలకు సరిపడునో పరీక్షించాడు. స్థానిక రైతులు చెరకు పండించి బెల్లం వండే తీరును గమనించి వివరంగా వ్రాశాడు. లక్క పురుగును గూర్చి ఆయన వ్రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది.

ఆ సంవత్సరాలలోనే ఉత్తర సర్కారులను ఘోరమైన క్షామం పట్టి పీడించింది. 1791, 1792 సంవత్సరాలలో వర్షాలు లేక పంటలు ఎండి వేలాది జనం ఆకలితో మరణించారు. ఈ దృశ్యం రాక్స్‌బర్గ్ మనస్సును కలచివేసింది. కొబ్బరి, పనస, ఈత, సగ్గుబియ్యపు చెట్టు వంటివి కరవును తట్టుకొని ప్రజలకు ఆహారాన్ని ఇస్తాయని, వాటిని విస్తారంగా నాటించాలని ఆయన ప్రభుత్వానికి సూచించాడు. వాతావరణానికీ, చెట్టుకూ, మనిషి ఆకలికీ మధ్య సంబంధాన్ని గుర్తించిన ఆనాటి కొద్దిమంది అధికారులలో ఆయన ఒకడు.

రాక్స్‌బర్గ్ పనితీరులో రెండు విశేషాలు కనిపిస్తాయి. మొదటిది, స్థానిక భాష పట్ల గౌరవం. ఆయన ప్రతి మొక్క వర్ణనలోను దాని తెలుగు పేరును తెలుసుకొని వ్రాసుకొన్నాడు. సోమిద అని ప్రజలు పిలిచే చెట్టు బెరడు జ్వరానికి మందుగా పనికివస్తుందని తెలుసుకొని, దానిపై ప్రయోగాలు చేసి, ఆ బెరడును విదేశాలకు పంపించాడు. తరువాతి కాలంలో ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అన్న పేరే స్థిరపడింది. ఒక తెలుగు పదం ఆ విధంగా ప్రపంచ శాస్త్రభాషలోకి ప్రవేశించింది. రెండవది, చిత్రలేఖనం. ఆయన భారతీయ చిత్రకారులను నియమించి, మొక్కలను సజీవంగా ఉన్నప్పుడే, వాటి సహజ రూపంలో, పువ్వును, కాయను, గింజను విడివిడిగా చూపుతూ చిత్రింపజేశాడు. జీవితకాలంలో ఆయన గీయించిన చిత్రాలు రెండున్నర వేలకు పైబడినవి. వాటిని గీసిన చిత్రకారులలో అత్యధికుల పేర్లు చరిత్రకు అందలేదు. మొక్కలన్నిటికీ పేర్లు లభించిన ఆ గ్రంథాలలో వాటిని గీసిన చేతులకు మాత్రం పేరు లేకపోవడం విచారకరమైన విషయం.

ఆయన తొలి కృషి సుఖంగా సాగలేదు. మొదటి సంవత్సరాలలో సేకరించిన మొక్కల నమూనాలు, పుస్తకాలు, వ్రాతప్రతులు నీటి ముంపుకు గురై నశించాయి. ఏళ్ల తరబడి కూడబెట్టిన సంపద పోయినప్పటికీ ఆయన అధైర్యపడలేదు. తిరిగి మొదటి నుండి సేకరణ ప్రారంభించాడు. 1789లో పాట్రిక్ రస్సెల్ స్వదేశానికి మరలిపోయిన పిమ్మట కంపెనీ ప్రకృతిశాస్త్రవేత్త పదవి రాక్స్‌బర్గ్‌కు లభించింది. ఆయన పంపిన చిత్రాలను, వర్ణనలను లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ పరిశీలించి, అందులో మేలైన 300 మొక్కలను ఎంపిక చేశాడు. అవి కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. తునికి, ఇప్ప మొదలైన చెట్లు ప్రపంచానికి పరిచయమైనది ఈ గ్రంథంలోనే.

సామర్లకోటకు కొద్ది దూరంలోనే సముద్రతీరం ఉన్నది. గోదావరి శాఖలలో ఒకటి కోరంగి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రాక్స్‌బర్గ్ కాలంలో కోరంగి గొప్ప రేవుపట్టణం. అక్కడ ఓడలు కట్టేవారు, మరమ్మతు చేసేవారు. బర్మా తీరం వరకు వర్తకం సాగేది. అయితే ఆ రేవు చుట్టూ ఉన్న నేల సాధారణమైనది కాదు. రోజుకు రెండుసార్లు ఆటుపోట్లు వచ్చి ఆ నేలను ముంచి తిరిగి వెళతాయి. వేసవిలో నీరు ఇంకి ఉప్పు తెల్లగా పేరుకొంటుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడే బురద. వరి గాని, జొన్న గాని అక్కడ మొలకెత్తవు. అటువంటి నేలలో కూడా పెరిగే మొక్కలు ఉన్నాయి. వాటిని లవణ మొక్కలు అంటారు. నేలకు పనికిరానిది అని పేరు వేసి ఇతరులు వదిలివేసిన ఆ బురదను రాక్స్‌బర్గ్ శ్రద్ధగా పరిశీలించాడు.

ఆ తీరంలో ఆకులు లేని ఒక చిన్న మొక్క నేలను కప్పుతూ పెరుగుతుంది. దాని కాండం కణుపులు కణుపులుగా, దళసరిగా, నీటితో నిండి ఉంటుంది. కొన్ని ఋతువులలో ఎర్రబారి దూరానికి తివాచీ పరచినట్లు కనిపిస్తుంది. ఆకులుంటే వాటి ద్వారా నీరు ఆవిరైపోతుంది. అందుచేత ఆ మొక్క ఆకులను విడిచిపెట్టి, కాండంలోనే నీటిని దాచుకొని ఉప్పు తీవ్రతను తట్టుకొంటుంది. రాక్స్‌బర్గ్ దీనికి సాలికార్నియా బ్రాకియేటా అని పేరు పెట్టాడు. ఈ జాతి మొక్కలను కాల్చగా వచ్చే బూడిద నుండి సోడా క్షారాన్ని తీయవచ్చునని, అది సబ్బు, గాజు పరిశ్రమలకు ఉపయోగపడుతుందని, కోరమాండల్ తీరంలో ఇవి అపారంగా లభిస్తాయని ఆయన గుర్తించాడు. శాస్త్రజ్ఞుని దృష్టితో పాటు కంపెనీ ఉద్యోగి దృష్టి కూడా ఆయనలో పనిచేసేదనడానికి ఇది నిదర్శనం.

ఆ తీరం సౌమ్యమైన తీరం కాదు. 1789 డిసెంబరులో భయంకరమైన తుపాను కోరంగిని తాకింది. సముద్రం మూడు పెద్ద అలలుగా విరుచుకుపడి ఊరిని ముంచివేసింది. ఓడలు ఒడ్డుకు కొట్టుకొనివచ్చాయి. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ తరువాతి కాలంలో ఇటువంటి తుపానులను అధ్యయనం చేసి, వాటికి సైక్లోన్ అన్న పేరును రూపొందించాడు. 1839లో మరొక పెనుతుపాను కోరంగిని తిరిగి ధ్వంసం చేసింది. ఈ విపత్తుల కారణంగాను, నది తెచ్చిన ఒండ్రు పూడిపోవడం వల్లను ఆ రేవు క్రమంగా క్షీణించింది. ఒకనాడు ఓడలు నిలిచిన పరిసరాలలో నేడు బురద మేటలు, మడ చెట్లు కనిపిస్తాయి.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తాకు తరలివెళ్లాడు. అక్కడి కంపెనీ వృక్షోద్యానాన్ని 1787లో రాబర్ట్ కిడ్ స్థాపించాడు. కిడ్ మరణానంతరం ఆ ఉద్యానానికి రాక్స్‌బర్గ్ అధ్యక్షుడైనాడు. గంగానది ముఖద్వారంలో ఉన్న సుందరవనాలు ఆయనకు మరొక లవణభూమిని చూపించాయి. అక్కడ బురద మేటపై మొట్టమొదట మొలిచే ఒక గడ్డిని ఆయన వర్ణించి ఒరైజా కోఆర్క్‌టేటా అని పేరు పెట్టాడు. అది వరికి దగ్గరి బంధువు. వరి బతకలేని ఉప్పునీటిలో అది నిక్షేపంగా పెరుగుతుంది. ఉప్పు నేలలో పండగల వరి వంగడాలను రూపొందించడానికి నేటి శాస్త్రజ్ఞులు ఈ గడ్డిని ప్రత్యేకంగా పరిశోధిస్తున్నారు. రెండు వందల ఏళ్ల క్రితం పెట్టిన ఒక పేరు ఈనాటి రైతు సమస్యకు దారి చూపుతున్నదన్నమాట.

రాక్స్‌బర్గ్ ఒక్కొక్క మొక్కను విడిగా చూశాడు, విడిగా వర్ణించాడు. అవి ఏ వరుసలో ఒకదాని వెంట ఒకటి వస్తాయో వివరించే సిద్ధాంతం ఆయన కాలానికి పుట్టలేదు. ఒక ఖాళీ నేలలో మొదట కొన్ని మొక్కలు స్థిరపడి, ఆ నేలను మార్చి, తరువాత వచ్చే మొక్కలకు చోటు కల్పించి, తాము తప్పుకొనే ప్రక్రియను అనుక్రమం అంటారు. అమెరికాలో మిచిగన్ సరస్సు తీరపు ఇసుక దిబ్బలను పరిశీలించి హెన్రీ కౌల్స్ 1899లో ఈ భావాన్ని స్పష్టపరచాడు. 1916లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ దానికి సమగ్రమైన సిద్ధాంతరూపం కల్పించాడు. అయితే ఏ నేలలో ఏ మొక్క ముందు వచ్చిందో, ఏది తరువాత వచ్చిందో చెప్పాలంటే ముందుగా ఆ మొక్కలను ఒకదాని నుండి మరొకదానిని గుర్తుపట్టగలగాలి. ఆ గుర్తింపును సమకూర్చినది రాక్స్‌బర్గ్ వంటి వారి కృషి. అక్షరాలు తెలియకుండా వాక్యం చదవలేము. కోరమాండల్ తీరపు అక్షరమాలను ఆయన వ్రాసి ఇచ్చాడు; వాక్యాన్ని తరువాతి తరాల వారు చదివారు.

గోదావరి ముఖద్వారంలో ఆ వాక్యాన్ని చదివితే ఈ విధంగా ఉంటుంది. వరద తెచ్చిన ఒండ్రు నీటి వేగం తగ్గిన చోట అడుగుకు దిగి మేటగా ఏర్పడుతుంది. ఆ మేటపై మొదట కంటికి ఆనని శైవలాలు పెరిగి బురదను పట్టి ఉంచుతాయి. పిదప ఉప్పును తట్టుకొనే గడ్డి మొలుస్తుంది. గడ్డి దుబ్బుల మధ్య నీరు నెమ్మదించి మరింత ఒండ్రు దిగుతుంది. నేల అంగుళం అంగుళంగా ఎత్తు పెరుగుతుంది. అప్పుడు మడ చెట్లు వేరూనుతాయి. మడ చెట్టు వేళ్లు బురదలోనుండి పైకి పెన్సిళ్ల వలె పొడుచుకొనివచ్చి గాలిని పీల్చుకొంటాయి. దాని ఆకులు అధికమైన ఉప్పును బయటకు విసర్జిస్తాయి. వాగుల ఒడ్డున ఉప్పు పొన్న వంటి చెట్లు చేరుతాయి. వాటి గింజలు తల్లిచెట్టుపైనే మొలకెత్తి, బాణం వలె బురదలో గుచ్చుకొని నిలబడతాయి. నేల ఇంకా ఎత్తైన తరువాత, పోటునీరు అరుదుగా వచ్చే చోట తిల్ల మొదలైన చెట్లు పెరుగుతాయి. నీరు వచ్చి నిలిచి ఆవిరై ఉప్పు మిక్కిలిగా పేరుకొన్న మైదానాలలో చెట్లు బతకలేక, సాలికార్నియా, సూయెడా వంటి దళసరి మొక్కలే రాజ్యం చేస్తాయి.

ఈ క్రమం ఎల్లవేళలా ఒకే దిశలో సాగదు. ఒక తుపాను మేటను కోసివేస్తే కథ మొదటికి వస్తుంది. నది నుండి మంచినీరు తగ్గితే ఉప్పు పెరిగి చెట్ల స్థానాన్ని చిన్న మొక్కలు ఆక్రమిస్తాయి. తీరం నుండి లోపలికి వరుసలుగా కనిపించే మొక్కలన్నీ కాలక్రమాన్నే సూచిస్తాయని కూడా చెప్పలేము. ఉప్పు ఎంత, పోటు ఎన్నిసార్లు వస్తుంది, నేల ఎత్తు ఎంత అన్న విషయాలే అనేక చోట్ల మొక్కల స్థానాన్ని నిర్ణయిస్తాయి. అందుచేత శాస్త్రవేత్తలు ఒకే ప్రదేశాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన మీదటనే అనుక్రమాన్ని నిర్ధారిస్తారు.

ఉత్తర తెలంగాణకు సముద్రం లేదు. అయినప్పటికీ ఈ ప్రక్రియకు పోలికలు ఇక్కడ కూడా ఉన్నాయి. ఆదిలాబాద్ కొండలలో పోడు సాగు చేసి వదిలివేసిన నేలలో మొదట గడ్డి, తరువాత తంగేడు వంటి పొదలు, పిమ్మట మోదుగ, తునికి మొలకలు, అటు తరువాత ఎన్నో ఏళ్లకు పెద్ద చెట్ల అడవి తిరిగి వస్తాయి. మైదానాలలో నీరు నిలిచి చౌడు తేలిన పొలంలో పైరు చచ్చిపోయి, ఉప్పును ఓర్చుకొనే కలుపు మొక్కలు మాత్రమే మిగులుతాయి. రైతు ఆ మొక్కలను చూసి నేల గుణాన్ని చెప్పగలడు. శాస్త్రజ్ఞుడు పుస్తకంలో వ్రాసే విషయం రైతు అనుభవంలో ఎప్పటి నుండో ఉన్నది.

ఇంతకంటె సన్నిహితమైన సంబంధం నది రూపంలో ఉన్నది. నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి దారి పొడవునా నేలను కోసుకొని పోతుంది. నిర్మల్ గుట్టల మట్టి, మంథని రేగడి, ప్రాణహిత తెచ్చిన ఒండ్రు, అన్నీ కలిసి చివరకు కోరంగి బురదగా మారుతాయి. అక్కడి మడ చెట్టు వేరూనేది ఇక్కడి మట్టిలోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నది పొడవునా ఇంకా అనేక జలాశయాలు వెలిశాయి. ఇవి లక్షలాది ఎకరాలకు నీరిచ్చి ప్రజల ఆకలి తీర్చాయనుట నిస్సందేహం. అయితే జలాశయాలలో నీటితో పాటు ఒండ్రు కూడా ఆగిపోతుంది. గత కొన్ని దశాబ్దాలలో గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు గణనీయంగా తగ్గిపోయింది. కొత్త మేటలు ఏర్పడకపోతే గడ్డికి చోటు ఉండదు. గడ్డి లేకపోతే మడకు చోటు ఉండదు. పైనున్న వారి మేలుకూ, దిగువనున్న వారి రక్షణకూ మధ్య సమతూకం సాధించడం ఈ కాలపు పెద్ద సమస్య.

కలకత్తాలో రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆయన చేరిన నాడు సుమారు 300 జాతులున్న ఉద్యానం ఆయన విడిచివెళ్లేనాటికి 3,500 జాతులకు నిలయమైంది. ఆ మొక్కల పట్టికను ఆయన మిత్రుడు, శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ 1814లో హార్టస్ బెంగాలెన్సిస్ అనే పేరుతో ముద్రించాడు. ఎడతెగని శ్రమ వల్ల, ఉష్ణదేశపు జ్వరాల వల్ల రాక్స్‌బర్గ్ ఆరోగ్యం దెబ్బతిన్నది. 1813లో ఆయన భారతదేశాన్ని విడిచి బయలుదేరాడు. దారిలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగి, అనారోగ్యంతో ఉన్నప్పటికీ ఆ దీవి మొక్కల జాబితాను కూడా తయారుచేశాడు. స్వదేశం చేరిన కొద్దికాలానికే, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. తన జీవితకృషి అయిన ఫ్లోరా ఇండికా గ్రంథాన్ని అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు కలుగలేదు.

ఆ పని ఆయనతో ఆగిపోలేదు. వ్రాతప్రతులను కేరీ భద్రపరచాడు. ఉద్యానంలో ఆయన తరువాతి వారిలో ఒకడైన నథానియల్ వాలిచ్ తన పరిశోధనలను జోడించాడు. 1820, 1824 సంవత్సరాలలో రెండు సంపుటాలు వచ్చాయి. రాక్స్‌బర్గ్ వ్రాసినది వ్రాసినట్లుగా పూర్తి గ్రంథం 1832లో కేరీ పర్యవేక్షణలో, ఆయన కుమారుల పూనికతో వెలువడింది. ముందు వచ్చిన మొక్క నేలను సిద్ధం చేసి వెళ్లగా తరువాతిది దానిపై పెరిగినట్లు, కోనిగ్ సిద్ధం చేసిన నేలలో రాక్స్‌బర్గ్ పెరిగాడు. రాక్స్‌బర్గ్ మిగిల్చిన నేలపై భారతీయ వృక్షశాస్త్రమంతా పెరిగింది.

రాక్స్‌బర్గ్‌ను అంచనా వేసేటప్పుడు ఒక విషయాన్ని విస్మరించరాదు. ఆయన జీతం తీసుకొన్నది వర్తక సంస్థ వద్ద. ఏ మొక్క లాభదాయకమో తెలుసుకోవడం ఆ సంస్థ కోరిక. మిరియాలు, నీలిమందు, నార, రంగులు, సోడా వంటి వాటిపై ఆయన చేసిన ప్రయోగాలలో ఎక్కువ భాగం ఆ కోరికకు సమాధానాలే. స్థానిక ప్రజల జ్ఞానం ఆయన పుస్తకాలలోకి చేరినప్పటికీ, దాని ఫలం వారికి పూర్తిగా దక్కలేదు. అయినా ఆయన పరిశీలనలోని నిజాయితీ ఆ పరిధిని దాటి నిలిచింది. లాభం కోసం వెదికిన మొక్కలతో పాటు, ఎవరికీ లాభం లేని బురద మొక్కలను కూడా ఆయన అంతే శ్రద్ధతో వర్ణించాడు. ఈనాడు ఆ బురద మొక్కలే అమూల్యమైనవిగా తేలాయి.

1978లో కోరంగి పరిసరాలను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవి తుపాను అలల ఉధృతిని తగ్గిస్తుంది. చేపపిల్లలకు, రొయ్యలకు పెంపకశాలగా ఉపయోగపడుతుంది. వేలాది మత్స్యకార కుటుంబాలకు అన్నం పెడుతుంది. గాలిలోని కర్బనాన్ని బురదలో దాచి ఉంచుతుంది. 1980వ దశకం నుండి విస్తరించిన రొయ్యల చెరువుల కారణంగా కోస్తాలో అనేక లవణభూములు, మడ వనాలు నశించాయి. 2004 డిసెంబరు సునామీ అనంతరం మడ అడవి విలువను ప్రభుత్వాలు, ప్రజలు మరింతగా గుర్తించారు. అటవీశాఖ, స్థానిక గ్రామ సంఘాలు కలిసి పాడైన చోట్ల కాలువలు త్రవ్వి పోటునీటిని పారించి, మడ మొక్కలను తిరిగి నాటాయి. ఏ నేలలో ఏ మొక్కను ముందు నాటాలి అన్న ప్రశ్నకు అనుక్రమ జ్ఞానమే సమాధానం చెబుతుంది. తొందరపడి తప్పు మొక్కను నాటితే అది బతకదు.

విలియం రాక్స్‌బర్గ్ పెట్టిన పేర్లు ఉత్తర తెలంగాణ అడవిలోని తునికి నుండి సముద్రతీరపు సాలికార్నియా వరకు, గోదావరి పొడవునా పరచుకొని ఉన్నాయి. ఆయన ఒక్కొక్క మొక్కను గుర్తించి పేరు పెట్టాడు. ఆ మొక్కలు కలిసి జీవించే తీరును తరువాతి వారు తెలుసుకొన్నారు. ఆ సముదాయాలను చెదరకుండా కాపాడవలసిన బాధ్యత నేటి తరానిది. ఎగువన అడవిని నరికినా, దిగువన బురదను పూడ్చినా, నష్టపోయేది ఒకే నది ఒడ్డున జీవించే ప్రజలే.